పన్నెండు ఇళ్ళకు ఒకటే నంబరు

చేపల బేరంలో మహాలక్ష్మిని బోల్తా కొట్టించిన మనిషి అవనిగడ్డ మార్కెట్టులో ఇంతవరకు లేడు. మొప్ప ఎత్తి చూడకుండానే చేప ఇవాళ్టిదో నిన్నటిదో చెప్పేస్తుంది. కాటా ఎటు మొగ్గుతోందో చూడకుండానే తెలుస్తుంది ఆవిడకు. అలాంటి మనిషిని అరచేతిలో పట్టే ఒక ప్లాస్టిక్ ముక్క ఏడాది పొడుగునా ఆడించింది. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎక్కదూ మరి!

నాగాయలంక దాటాక వచ్చే పల్లెలో, చేపల వీధిలో ఆవిడ ఇల్లు. మొగుడు నాంచారయ్య బోటు మీద వేటకు వెళ్తే నాలుగు రోజులకో ఐదు రోజులకో వస్తాడు. ఆవిడ పొద్దున్నే రేవులో వేలం పాటకు నిలబడి సరుకు కొని, ఆటోలో అవనిగడ్డ తెచ్చి అమ్ముతుంది. పక్కనే కత్తిపీట వేసుకుని కృపాకుమారి కూర్చుంటుంది. కృపాకుమారిది కూడా అదే వీధి, రెండిళ్ళ అవతల. మహాలక్ష్మి అమ్మిన చేపల్ని పొలుసు తీసి ముక్కలు కోసి ఇవ్వడం ఆ పిల్ల పని. పిల్లంటే మరీ పిల్ల కాదు, ముప్పై దాటాయి. ఇద్దరు బిడ్డల తల్లి.

ఈ వ్యాపారం మహాలక్ష్మికి నేర్పింది అత్తగారు. ఆవిడ పోతూ పోతూ కోడలికి వదిలి వెళ్ళిన ఆస్తి ఒక రుబ్బురోలు, ఒక మాట. రోలు దొడ్లో పడి ఉంది. మాట ఇది: "కొసరు ముందు ధరలో వేసుకో, ఆనక సంచిలో వెయ్యి." కిలో తూచాక కొన్నవాళ్ళు సంచి ముయ్యరు. గుప్పెడు చిన్న రొయ్యలో, నాలుగు మెత్తళ్ళో పైన పడేదాకా నోరు తెరుచుకుని చూస్తూ ఉంటుంది ఆ సంచి. పడిందా, మళ్ళీ వారం వాళ్ళు ఈ గంప దగ్గరకే వస్తారు. తను ఆ గుప్పెడు ఎక్కడినుంచి తీసి వేస్తోందో మహాలక్ష్మికి తెలుసు. ఇరవయ్యేళ్ళుగా తెలుసు. అన్నీ తెలిసిన మనిషే పడింది గోతిలో.

కిందటేడు ఏప్రిల్లో బస్టాండు దగ్గర సిరిగంప సూపర్ మార్కెట్టు తెరిచారు. లోపల అడుగుపెడితే ఎండాకాలంలో కూడా చలి. ప్రతి వంద రూపాయల బిల్లుకూ ఒక పాయింటు, అవి 'నేస్తం కార్డు'లో పడతాయని చెప్పారు. అద్దాల బీరువాలో గ్రైండరు పెట్టి, ఎర్ర రిబ్బను కట్టి, అయిదు వేల పాయింట్లని కాగితం అంటించారు. మేనేజరు నాగేంద్రబాబు స్వయంగా వివరించాడు. అతను ఆదివారం ఆదివారం మహాలక్ష్మి దగ్గర రొయ్యలు కొనే మనిషే. తెలిసినవాడు గదా అని ఆవిడ నమ్మింది.

ఒక్క ఇంటి ఖర్చు మీద అయిదు వేల పాయింట్లు రావాలంటే పదేళ్ళు దాటుతాయి. ఆవిడ బుర్ర పాదరసం. చీటీ పాటలు కట్టిన బుర్ర. పన్నెండు ఇళ్ళు కలిస్తే ఏడాదిలో అయిపోతాయని అక్కడే లెక్క తేల్చింది. ఆ వారంలోనే వీధిలో పన్నెండు ఇళ్ళనూ కూడగట్టింది. ఎవరు సరుకు కొన్నా కౌంటర్లో ఒకటే ఫోను నంబరు చెప్పాలి. ఏడాదికో గ్రైండరు, చీటీ తీస్తే ఎవరి పేరు వస్తే వాళ్ళకి. నంబరు మటుకు నాంచారయ్యది. దాని గురించి ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రేషనుకూ గ్యాసుకూ బ్యాంకుకూ ఆ నంబరే ఇచ్చింది, దీనికీ ఇచ్చింది. మగాడి ఫోను నంబరే ఇంటి నంబరు ఆ వీధిలో. ఆ ఫోను నెలలో ఇరవై రోజులు సిగ్నలు లేని నడిసంద్రంలో ఉంటుందన్న మాట ఎవరికీ తట్టలేదు.

సంక్రాంతి వెళ్ళాక చీటీలు తీస్తే కృపాకుమారి పేరు వచ్చింది. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఏప్రిల్ పదిహేను నుంచి రెండు నెలలు వేట నిషేధం. బోట్లు కదలవు, చేప రాదు, కోసేందుకు ఏమీ ఉండదు. ఈసారి ఆ రెండు నెలలూ వీధి మొగలో ఇడ్లీ బండి పెట్టుకోవాలని ఆమె ఆలోచన. అప్పటికే గుడివాడలో పినతల్లి కొడుకు ఒక కబురు చెప్పి ఉన్నాడు. అక్కడేదో టిఫిన్ సెంటరు మూసేస్తున్నారు, గ్రైండరు పద్దెనిమిది వందలకు ఇస్తారట.

"పాతదైనా బాగానే తిరుగుతోందంటక్కా. ఆ డబ్బులు నా దగ్గర ఉన్నాయి. తెచ్చేసుకోనా?" అని అడిగింది కృపాకుమారి.

"చీటీ నీకొచ్చాక డబ్బులు తగలేస్తానంటావేంటే? గుడివాడ పోయి పాత సామాను మోసుకొస్తావా? మార్చికల్లా కొత్తది వచ్చుద్ది, రిబ్బను కట్టి మరీ. పూచీ నాది!"

వీధిలో ఆ మాటకు విలువుంది. కృపాకుమారి గుడివాడ మాట మర్చిపోయింది. ఆ పద్దెనిమిది వందలూ పిల్లవాడి జ్వరానికి ఖర్చయిపోయాయి. గ్రైండరును ఇంకెవరో కొనుక్కుపోయారు.

మార్చి చివరికి వచ్చేసరికి నలభై పాయింట్లు తక్కువ పడ్డాయి. ముప్పై ఒకటో తేదీ దాటితే పాయింట్లు చచ్చిపోతాయట. ఆ వారం వీధి ఆడవాళ్ళంతా సంతకు పోయినట్టు సిరిగంపకు పోయారు. ఏడాదికి సరిపడా షాంపూలు కొన్నారు. ఎవరి ఇంట్లోనూ తినని నూడుల్సు కొన్నారు. మొత్తానికి అయిదు వేల పన్నెండు అయ్యాయి. ముప్పై ఒకటిన చేపలు పదకొండింటికే అమ్ముడుపోతే, చేతులు కడుక్కుని, కృపాకుమారిని వెంటబెట్టుకుని మహాలక్ష్మి దర్జాగా వెళ్ళింది. గ్రైండరు ఎక్కించుకునేందుకు ఆటోవాడిని బయట ఆపింది కూడా.

కౌంటర్లో దివ్యశ్రీ అనే అమ్మాయి నంబరు కొట్టి నవ్వింది. "అయిదు వేల పన్నెండు ఉన్నాయి ఆంటీ. ఓటీపీ చెప్పండి."

"అదేంటమ్మా? ఏడాది నుంచి నంబరు చెప్తే సరిపోయిందిగా?"

"వేసేటప్పుడు అక్కర్లేదాంటీ. తీసేటప్పుడు కావాలి. ఇప్పుడే ఫోనుకి వెళ్ళింది, చూడండి."

ఫోను నాంచారయ్య దగ్గర ఉంది. నాంచారయ్య ముందురోజే వేటకు వెళ్ళాడు. మహాలక్ష్మి తన చిన్న ఫోనులో మొగుడికి కలిపింది. అందుబాటులో లేరంది. మళ్ళీ కలిపింది. అదే పాట. ఆ గొంతు నాంచారయ్య ఎక్కడున్నాడో తెలిసి కూడా దాస్తున్నట్టు తోచింది ఆవిడకు.

"ఆ నంబరు తీసేసి నాది వేసుకో తల్లీ."

"నంబరు మార్చాలన్నా పాత నంబరుకే ఓటీపీ వస్తుందాంటీ."

నాగేంద్రబాబు వచ్చాడు. మర్యాదకేమీ తక్కువ లేదు. కుర్చీ వేయించాడు, చల్లటి నీళ్ళు ఇప్పించాడు. "నాకు మీరు తెలియక కాదండీ. సిస్టమ్ ఒప్పుకోదు," అన్నాడు.

"ఆ సిస్టమ్ ఎక్కడున్నాడో చూపించు బాబూ, నేను మాట్లాడతాను."

దివ్యశ్రీ నవ్వు ఆపుకుంది. మహాలక్ష్మి నవ్వించడానికి అనలేదు. నాగేంద్రబాబు ఒక కాగితం మీద బందరు మెయిన్ బ్రాంచి నంబరు రాసిచ్చాడు. ఆవిడ చేసింది. సన్నాయి వినిపించింది. మీ కాల్ మాకెంతో విలువైనదని ఒక ఆడగొంతు చెప్పింది. ఆ విలువైన మాటను పదిహేను నిమిషాల్లో పదకొండు సార్లు చెప్పి పెట్టేసింది. బయట ఆటోవాడు హారను కొడుతున్నాడు. అద్దాల వెనక గ్రైండరు రిబ్బను కట్టుకుని పెళ్ళికూతురిలా కూర్చుని ఉంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే గావును అనుకుంది మహాలక్ష్మి. కోపం గొంతుదాకా వచ్చి, ఎవరి మీద పడాలో తెలియక అక్కడే ఆగిపోయింది.

"ఒక దారి ఉందండీ," అన్నాడు నాగేంద్రబాబు మెల్లిగా. "ఇవాళ మూడు వేలకి బిల్లు చేస్తే పాయింట్లకి ఇంకో నెల గడువొస్తుంది. ఆఫరండి."

మహాలక్ష్మి బొడ్డుసంచిలో మూడు వేల నాలుగు వందలున్నాయి. మర్నాడు పొద్దున రేవులో పాట పాడుకునే డబ్బు.

"వద్దక్కా," అని కృపాకుమారి చెయ్యి పట్టుకుంది. "పోతే పోయింది. రేపటి సరుక్కి ఏం చేస్తావు?"

"నువ్వూరుకో. పూచీ నాదన్నాను."

మూడు వేలు ఖర్చు పెట్టడం ఎంత కష్టమో ఆవిడకు ఆ రోజే తెలిసింది. ఇంట్లోకి కావలసినవన్నీ ముందు వారమే కొనేశారు. నేల తుడిచే మందు రెండు కొంటే ఒకటి ఉచితమన్నారు, తీసుకుంది. తేనె తీసుకుంది. గుర్రాలకు పెట్టేదనుకున్న ఓట్స్ తీసుకుంది. నూనె డబ్బా పెట్టాక కూడా వంద తక్కువ పడితే, దివ్యశ్రీ సలహా మీద అగరొత్తులు పెట్టింది. మర్నాడు రేవులో నాలుగు వందల సరుకుతో సరిపెట్టుకుని, తొమ్మిదింటికే ఖాళీ గంప ముందు కూర్చుంది. ఆ పక్కన కృపాకుమారి కత్తిపీటకూ పని లేదు.

నాంచారయ్య మూడో తేదీన రేవులో దిగాడు. దిగీదిగకముందే మహాలక్ష్మి ఫోను లాక్కుంది.

"ఆరంకెల నంబరేదన్నా వచ్చిందా?"

"వచ్చింది. సిగ్నలు తగలగానే టింగుమంది," అన్నాడు నాంచారయ్య గర్వంగా. "ఎవరికీ చెప్పొద్దని అందులోనే రాసుంది. నేనెవరికీ చెప్పలా. తీసిపారేశా."

ఆవిడకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పాపం, ఆ మహానుభావుడు పెళ్ళయిన దగ్గర్నుంచీ చెప్పిన మాట విన్నది ఆ ఒక్కసారే.

నాలుగో తేదీన ఫోను కొంగున ముడేసుకుని, కృపాకుమారితో మళ్ళీ సిరిగంపకు వెళ్ళింది. ఈసారి ఆటోను ఆపలేదు. దివ్యశ్రీ నంబరు కొట్టింది. కొంగులో ఫోను టింగుమంది. మహాలక్ష్మి ఒక్కొక్క అంకే కూడబలుక్కుని చదివింది. "ఓకే ఆంటీ, వచ్చేసింది. అయిదు వేల నలభై రెండు," అంది దివ్యశ్రీ. కృపాకుమారి అప్పటికే అద్దాల బీరువా దగ్గరకు వెళ్ళి నిలబడింది.

అక్కడినుంచి ఆమె వెనక్కి తిరిగి చూసిన చూపులోనే మహాలక్ష్మికి అర్థమైంది. గ్రైండరు అక్కడే ఉంది. రిబ్బనూ ఉంది. కాగితం కొత్తది. ఎనిమిది వేల పాయింట్లు అని ఉంది దానిమీద.

"ఒకటో తారీఖు నుంచి కొత్త లిస్టు వచ్చిందండీ," అన్నాడు నాగేంద్రబాబు.

"నెల గడువన్నావు గదయ్యా! ఆ మాట మీదే గదా మూడు వేలు పోశాను!"

"గడువు పాయింట్లకండీ. గిఫ్టుకి కాదు. పాయింట్లు భద్రంగా ఉన్నాయి, చూసుకోండి."

మహాలక్ష్మి గొంతు లేచింది. మార్కెట్టులో నాలుగు గంపల అవతలికి వినిపించే గొంతు అది. సరుకులు ఏరుకుంటున్నవాళ్ళంతా ఆగి చూశారు. పన్నెండు ఇళ్ళు ఏడాదంతా మీ కొట్టుకే తెచ్చి పోశాయని అడిగింది. ఇది మోసం కాదా అని అడిగింది. నాగేంద్రబాబు గోడమీద అంటించిన షరతులు చూపించాడు. చీమ తలకాయంత అక్షరాలు. ఆ పైన అంతా బందరు వాళ్ళ చేతుల్లోనే ఉందన్నాడు. అతని గొంతు ఒక్కసారి కూడా లేవలేదు. అరిచే మనిషి ఒక్కతే అరుస్తుంటే తప్పు ఆ మనిషిదే అనిపిస్తుంది చూసేవాళ్ళకు. మహాలక్ష్మికి అది కూడా తెలుస్తూనే ఉంది, ఒళ్ళు ఇంకా మండింది.

"పోనీ డబ్బులిచ్చెయ్. పాయింటుకింతని."

"క్యాష్ ఇవ్వమండీ. బిల్లులో తగ్గిస్తాం. పాయింటుకి పది పైసలు."

చేపల లెక్క చేసే బుర్ర ఆ లెక్కకు రెప్పపాటు కూడా తీసుకోలేదు. అయిదు వందల నాలుగు రూపాయలు. ఇంటికి నలభై రెండు. వాళ్ళ పల్లె నుంచి మనిషి అవనిగడ్డకు వచ్చి వెళ్ళాలంటే ఆటోకు అరవై. ఏడాదిపాటు పన్నెండు ఇళ్ళవాళ్ళు అటూ ఇటూ తిరిగి, అక్కర్లేని షాంపూలు కొని, అయిదు లక్షల పైన పోస్తే మిగిలింది ఒక్క ఆటో ఖర్చుకైనా చాలదు. పైగా సిరిగంపలో కందిపప్పు, తమ వీధిలోని ధనరాజు కొట్టులో కంటే కిలోకు ఆరు రూపాయలు ఎక్కువ. ఆ సంగతి అదివరకే కంటపడింది. పాయింట్లొస్తాయిలే అని సరిపెట్టుకుంది.

అత్తగారి మాట అప్పుడు గుర్తొచ్చింది. కొసరు ముందు ధరలో వేసుకో. ఆ మాట తనది. ఆ విద్య తనది. ఇరవయ్యేళ్ళు తను జనం మీద చేసిన పనే వీళ్ళు తన మీద చేశారు, కాకపోతే తను సంచిలో అప్పటికప్పుడే వేస్తుంది. వీళ్ళు వేస్తామని చెప్పి ఏడాది సంచి తెరిపించి నిలబెట్టారు. నాగేంద్రబాబు మీద వచ్చిన కోపంలో సగం తన మీదకే తిరిగింది.

"అయిదు వేలకి హాట్‌బాక్సు వస్తుందాంటీ," అంది దివ్యశ్రీ జాలిగా. "మంచిదే. నాలుగు గంటలు వేడి తగ్గదు."

"ఇచ్చెయ్యండి," అంది కృపాకుమారి. ఆ రోజంతా ఆమె మాట్లాడింది అదొక్కటే. ఇడ్లీలు వేడిగా ఉంచే డబ్బా వచ్చింది. ఇడ్లీలకు పిండి రుబ్బే మిషను రాలేదు. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఇంటిదాకా బయటికే చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండును అనుకుంది మహాలక్ష్మి. వీధిలో మిగతావాళ్ళు ఆ పని బాగానే చేశారు. కొండను తవ్వి ఎలుకను పట్టావని ఒకావిడ అంటే, ఎలుకైతే ఉత్తినే దొరికేదని ఇంకొకావిడ అంది. నాగేంద్రబాబు మళ్ళీ గంప దగ్గరకు వస్తే కొసరు కాదు, చేప పొలుసు కూడా రాల్చనని మహాలక్ష్మి గట్టిగా ఒట్టు పెట్టుకుంది.

ఆదివారం అతను రానే వచ్చాడు. ఏమీ జరగనట్టే సంచి విదిలించాడు.

"రొయ్య ఎంతమ్మా?"

"నాలుగొందల అరవై."

"పోయిన వారం నాలుగొందలేగా!"

"వేట ఆగిపోయే రోజులు బాబుగారూ. సరుకేదీ?"

అతను బేరమాడాడు. ఆవిడ మొహం ముడుచుకుంది, గంప కప్పబోయింది, చివరికి ప్రాణం పోతున్నట్టు నాలుగొందల ఇరవైకి దిగింది. నలభై తగ్గించానన్న సంతోషం అతని మొహంలో కనిపించింది. కాటా సరిగ్గా కిలో దగ్గర నిలబెట్టింది. అతను సంచి ముయ్యలేదు. మహాలక్ష్మి ఆ తెరిచిన సంచిలోకి ఒక్క క్షణం చూసి, గుప్పెడు చిన్న రొయ్యలు తీసి ధారాళంగా వేసింది.

"వారం వారం వచ్చేవాళ్ళు. మీక్కాక ఎవరికేస్తాను?"

అతను నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. కృపాకుమారి కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది.

"అతనికి కొసరేశావా అక్కా? మొన్న అంత చేసినవాడికి? మనకి సిగ్గులేదూ?"

"కొసరు ఎప్పుడూ వేసేదేనే. ధరలో ఇరవై కొత్తది," అంది మహాలక్ష్మి. కృపాకుమారి మధ్యాహ్నానికి అన్నం తెచ్చుకున్న హాట్‌బాక్సు పక్కనే ఖాళీగా ఉంది. దాని మూత తీసి, అందులో ఇరవై రూపాయల నోటు వేసింది. "వారానికో ఇరవై. అతని చేతే గ్రైండరు కొనిపిస్తాను చూడు."

కృపాకుమారి నోటు వంక చూసింది. ఆమెదీ లెక్కలు తెలిసిన బుర్రే.

"పాతదానిక్కూడా తొంభై వారాలు పట్టుద్దక్కా," అంది. "వేట ఇంకో తొమ్మిది రోజుల్లో ఆగిపోద్ది. చేపే లేకపోతే అతనెందుకొస్తాడు?"

రెండు రోజుల్లో మొదటిసారి ఆ పిల్ల తనతో ఇన్ని మాటలు మాట్లాడింది, ప్రతి మాటా నిజం. మహాలక్ష్మి మూత బిగించింది. గంపలో మిగిలిన ఐసు ముక్కల్ని కాసేపు ఊరికే కెలికింది.

"మా అత్త రోలు దొడ్లో ఉంది. ఇవాళ కడిగి పెడతాను," అంది చివరికి, తలెత్తకుండా. "నిషేధం మొదలయ్యే ముందురోజు నువ్వు పప్పు నానబోసుకో. పొత్రం నేను తిప్పుతా. రెండు నెలలూ నేనే తిప్పుతా."

కృపాకుమారి ఆవిడ చేతుల వంక చూసింది. "రోజుకి మూడు కిలోల పప్పక్కా. తిప్పగలవా?"

మహాలక్ష్మి తలెత్తింది. "పూచీ..." అనబోయి, నోటిదాకా వచ్చిన ఆ మాటను మింగేసింది.

"తిప్పి చూస్తా," అంది.